స్ప్రింక్లర్ తిరుగుతోందా సార్?

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల ప్లాంట్ హెడ్లకు, ఇంజినీరింగ్ మేనేజర్లకు, పర్చేజ్ సెక్షన్ వారికి నమస్కారం.

మొన్న ఏప్రిల్‌లో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. ఒకప్పుడు నా దగ్గర హెల్పర్‌గా చేసిన కుర్రాడు. ఇప్పుడు ఒక కంపెనీలో యుటిలిటీ (నీళ్లు, ఆవిరి, కరెంటు చూసే విభాగం) షిఫ్ట్ ఇన్‌చార్జ్. "బాబాయ్, కూలింగ్ వాటర్ 36 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది. ప్రొడక్షన్ వాళ్లు ప్రాణం తీస్తున్నారు. ఫ్యాన్ ఫుల్‌గానే తిరుగుతోంది, రెండో పంపు కూడా వేశాం. మా సార్ కొత్త కూలింగ్ టవర్‌కు ఇండెంట్ పెట్టేశారు" అన్నాడు.

"స్ప్రింక్లర్ తిరుగుతోందా?" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. "చూడలేదు బాబాయ్" అన్నాడు.

తెల్లారి ఫ్యాన్ ఆపించి టవర్ ఎక్కి చూస్తే స్ప్రింక్లర్ తల, అంటే పైనుంచి నీళ్లు చిమ్ముతూ పైపులతో సహా తిరగాల్సింది, బిగుసుకుపోయి ఉంది. నాలుగు పైపుల కింద నాలుగు చారలుగా నీళ్లు కారుతున్నాయి. మిగతా ఫిల్స్ (నీళ్లు పల్చగా పారడానికి లోపల పేర్చే ప్లాస్టిక్ పలకలు) అంతా ఎండిపోయి, తెల్లగా సున్నం కట్టి ఉంది. ఎన్నాళ్లుగా అలా ఉందో చెప్పగలిగే మనిషి ఆ కంపెనీలో లేడు. లాగ్‌బుక్‌లో గంట గంటకూ పంపు ప్రెషర్ రాశారు, ఫ్యాన్ ఆంప్స్ రాశారు, ఇన్‌లెట్, అవుట్‌లెట్ టెంపరేచర్లు రాశారు. స్ప్రింక్లర్‌కు మాత్రం అందులో గడి లేదు.

ఆ గడి అడగడానికే ఈ ఉత్తరం.

నేను ఫిట్టర్‌గా మొదలై యుటిలిటీ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ముందు ఒక చక్కెర ఫ్యాక్టరీలో నాలుగు సీజన్లు, ఆ తర్వాత హైదరాబాద్ దగ్గరి జీడిమెట్ల, పాశమైలారం, చివరికి విశాఖ దగ్గరి పరవాడ. చక్కెర ఫ్యాక్టరీలో కూలింగ్ టవర్ లేదు, స్ప్రే పాండ్ ఉండేది. పెద్ద చెరువు లాంటి తొట్టి, దాని మీద పైపులు, పైపులకు నాజిళ్లు. వేడినీళ్లు పైకి చిమ్మి, వచ్చే గాలికి చల్లారి మళ్లీ తొట్టిలో పడతాయి. ఫ్యాన్ లేదు, ఫిల్స్ లేవు, ఉన్నదంతా ఆ నాజిలే. బెగాస్ (చెరకు పిప్పి) పీచు వచ్చి ఇరుక్కుందంటే నీళ్లు విచ్చుకోకుండా ఒకే ధారగా లేచి దబ్బున పడేవి. మా మేస్త్రి గారు గట్టు మీద నిలబడి, ఏది తీగలా లేస్తోందో, ఏది గొడుగులా విచ్చుకుంటోందో దూరం నుంచే చెప్పేవారు. నా చదువు అక్కడ మొదలైంది.

కూలింగ్ టవర్‌లో జరిగేదీ అదే, కాకపోతే డబ్బా లోపల జరుగుతుంది కాబట్టి ఎవరికీ కనబడదు. మట్టికుండ నీళ్లు చల్లబడే ఉదాహరణ మీరంతా వినే ఉంటారు. కొంచెం నీరు ఆవిరై పోతూ మిగతా నీటి వేడిని పట్టుకుపోతుంది. గంటకు 100 ఘనపు మీటర్ల నీటిని సుమారు 6 డిగ్రీలు చల్లార్చాలంటే అందులో ఒక ఘనపు మీటరు ఆవిరైపోవాలి. ఆవిరి లేచేది నీరు, గాలి ఒకదాన్నొకటి తాకే చోటనే. అందుకే ఫిల్స్ పెట్టి నీటిని పల్చటి పొరలా పారిస్తాం. కానీ ఆ పొర ఫిల్స్ అంతటా పరుచుకోవాలి కదా. పరిచే పని ఫ్యాన్‌ది కాదు, పంపుది కాదు, ఫిల్స్‌ది అంతకన్నా కాదు. పైనున్న స్ప్రింక్లర్‌దో, నాజిల్‌దో, తొట్టి అడుగున ఉన్న కన్నాలదో.

అది సరిగ్గా పరచకపోతే నష్టం రెండువైపులా ఉంటుంది. చాలామంది ఇంజినీర్లకు కూడా ఒకవైపే తెలుసు. నీళ్లు పడని చోట ఫిల్స్ దండగ, అది అందరికీ అర్థమవుతుంది. రెండోది గాలి సంగతి. గాలికి ఎప్పుడూ సులువైన దారే కావాలి. నీళ్లు దట్టంగా పడే చోట దానికి అడ్డు ఎక్కువ, ఎండిన చోట అడ్డు తక్కువ. కాబట్టి ఎండిన ఖాళీల్లోంచి దొడ్డిదారిన పైకి పోతుంది. నీళ్లున్న చోట గాలి చాలదు, గాలి ఉన్న చోట నీళ్లుండవు. ఫ్యాన్ స్పీడు పెంచారనుకోండి, ఆ దొడ్డిదారిన ఇంకాస్త ఎక్కువ గాలి పోతుంది, అంతే. ఫ్యాన్ రెక్కల కోణం పెంచి మోటార్ ఓవర్‌లోడ్‌లో ట్రిప్ చేయించుకున్న మహానుభావులను నేను చూశాను. వాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

మన కంపెనీల్లో ఎక్కువగా కనిపించేవి గుండ్రటి ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) టవర్లు, బాటిల్ టైప్ అంటాం. వాటి మధ్యలో నిలువు పైపు, దాని చివర బేరింగ్ మీద తిరిగే తల, ఆ తలకు నాలుగో ఆరో అడ్డ పైపులు, పైపులకు వరసగా కన్నాలు. మోటార్ లేదు. కన్నాలు ఒక పక్కకు వాలి ఉంటాయి కాబట్టి నీళ్లు అటు చిమ్మితే పైపు ఇటు జరుగుతుంది. దీపావళికి పిల్లలు కాల్చే భూచక్రం తిరిగేది కూడా ఇలాగే, అక్కడ నిప్పు, ఇక్కడ నీళ్లు. చిన్న టవర్లలో నిమిషానికి పది చుట్లకు అటూ ఇటూ, పెద్దవాటిలో నాలుగైదు చుట్లు. పైపును తలలో కొంచెం అటో ఇటో మెలిపెట్టి బిగిస్తే కన్నాల వాలు మారుతుంది, స్పీడు మారుతుంది. మరీ వేగంగా తిరిగితే నీళ్లు గోడకు కొట్టుకుని గోడ వెంటే జారిపోతాయి. మరీ నెమ్మదైతే ఒక తడికీ ఇంకో తడికీ మధ్య ఫిల్స్ ఆరిపోయి సున్నం కడుతుంది. మేము షట్‌డౌన్‌లో ఒక పైపుకు ఎర్ర గుడ్డపీలిక కట్టేవాళ్లం. తర్వాత తనిఖీ కిటికీ దగ్గర నిలబడి, వాచీ చూసుకుంటూ ఒక్క నిమిషంలో ఎన్ని చుట్లో లెక్కపెట్టేయొచ్చు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక కంపెనీలో స్ప్రింక్లర్ పైపు విరిగింది. స్పేర్ రావడానికి మూడు వారాలన్నారు. మేమేమో హీరోలం. బయటి నుంచి పీవీసీ పైపు తెప్పించి, స్కేలుతో కొలిచి, రెండంగుళాలకొక కన్నం చొప్పున ఎంత అందంగా వేశానో! నాలుగు పైపులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. బిగించాం, తిరిగింది, చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి నీళ్లు 3 డిగ్రీలు వేడిగా రావడం మొదలైంది. నెలరోజులు పంపు మీద, ఫ్యాన్ మీద, ఎండ మీద నెట్టేశాం.

పాత పైపు స్క్రాప్ యార్డులో దొరికినప్పుడు తెలిసింది. అందులో కన్నాలు మధ్యలో దూరం దూరంగా, చివరికి పోయేకొద్దీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఎందుకో ఒక కాగితం మీద గుండ్రం గీసుకుంటే తెలుస్తుంది. వృత్తం మధ్య నుంచి సగం దూరం దాకా ఉన్న భాగం మొత్తం వైశాల్యంలో నాలుగోవంతే. మిగతా ముప్పావు భాగం బయటి సగంలో ఉంది. నేను సమానంగా కన్నాలు వేశాను కాబట్టి సగం నీళ్లు ఆ పావు వంతు మీద కుమ్మరించాయి, మిగతా సగం ముప్పావు మీద పల్చగా పడ్డాయి. అంటే లోపలి ఫిల్స్‌కు బయటి ఫిల్స్ కన్నా మూడు రెట్లు నీళ్లు. ఎనిమిదో తరగతి లెక్క. నా చేతిలో డ్రిల్లింగ్ మిషన్ ఉండటంతో లెక్క గుర్తుకు రాలేదు.

కాబట్టి పర్చేజ్ సెక్షన్ వారికి మొదటి మనవి. ఒక స్ప్రింక్లర్ తల, ఒక సెట్టు పైపులు స్టోర్‌లో ఎప్పుడూ ఉంచండి. అవి లేకపోతే మాలాంటి హీరోలు పుడతారు.

చదరం టవర్ల కథ వేరు. అక్కడ హెడర్ అనే పెద్ద పైపు, దాని నుంచి పక్కలకు చీలే లేటరల్ పైపులు, వాటికి కిందకు చూసే నాజిళ్లు. ఒక్కో నాజిల్ కొంత ప్రెషర్ ఉంటేనే గొడుగులా విచ్చుకుంటుంది, పక్క గొడుగు అంచుతో కలుస్తుంది. ఆ కలయిక ఎంత ఉండాలో, నాజిల్‌కూ ఫిల్స్‌కూ మధ్య ఎంత ఎత్తుండాలో టవర్ కట్టినవాళ్లు లెక్కేసే పెడతారు. ప్రెషర్ తగ్గితే గొడుగు ముడుచుకుపోయి కింద గారెలా పడుతుంది: చుట్టూ తడి, మధ్యలో పొడి.

ఇక్కడే ఈమధ్య ఒక కొత్త జబ్బు పట్టుకుంది. కరెంటు పొదుపు పేరుతో సర్క్యులేషన్ పంపుకు వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు తగ్గించే పరికరం) పెట్టి, "70 శాతానికి తగ్గించాం, ఇంత మిగిలింది" అని మీటింగ్‌లో స్లైడ్ చూపిస్తారు. నీళ్లు 70 శాతానికి తగ్గితే నాజిల్ దగ్గర ప్రెషర్ 70 కాదు, సగానికి పడిపోతుంది. గొడుగులన్నీ ఒకేసారి ముడుచుకుంటాయి. టవర్ నీళ్లు వేడెక్కితే, ఆ నీళ్లకే తన వేడిని వదిలే చిల్లర్ (శీతలీకరణ యంత్రం) కంప్రెసర్ కరెంటు ఒక్కో డిగ్రీకి సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. అది స్లైడ్‌లో ఉండదు, ఎందుకంటే చిల్లర్ మీటరు వేరే డిపార్ట్‌మెంట్‌ది. వీఎఫ్‌డీ ఫ్యాన్‌కు పెట్టండి, దండం పెడతాను. ఫ్యాన్ స్పీడు 80 శాతానికి తగ్గితే దాని కరెంటు సగానికి దిగుతుంది, చలికాలం రాత్రుళ్లు హాయిగా నడుస్తుంది. నీళ్లు మాత్రం నాజిల్‌కు చెప్పిన కనిష్ఠానికి కిందకు దించకండి. లోడు నిజంగానే తక్కువైతే ఒక సెల్ (టవర్‌లో ఒక గది) వాల్వు మూసేసి మిగతా సెల్స్‌కు పూర్తి నీళ్లివ్వండి.

ఇంకో రకం క్రాస్‌ఫ్లో, గాలి పక్క నుంచి అడ్డంగా వచ్చేది. దాని పైన మూతలున్న పళ్లెం లాంటి తొట్టి, అడుగున కన్నాలు. నీళ్లు వాటి బరువుతోనే దిగుతాయి, ప్రెషర్ అక్కర్లేదు, నడుస్తుండగానే మూత ఎత్తి చూడొచ్చు. నాకు నచ్చిన రకం ఇదే. కానీ మూతలు ఎవరో తీసుకెళ్లి షెడ్డు పైన వేసుకుంటారు, తొట్టిలో ఎండ పడుతుంది, ఎండకు పాచి పెరుగుతుంది, పాచి కన్నాల్లోకి పోతుంది. డెక్, అంటే తొట్టి ఉన్న పైతలం, ఒక పక్కకు కుంగితే ఒకచోట నీటి లోతు 12 సెంటీమీటర్లు, ఇంకోచోట 6 ఉంటుంది. లోతు రెట్టింపు ఉన్నచోట కన్నంలోంచి 40 శాతం ఎక్కువ నీళ్లు దిగుతాయి. ఒక స్పిరిట్ లెవెల్ పెట్టి చూసుకుంటే చాలు, దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు.

పరవాడలో పనిచేసేవాళ్లకు రోజూ కనిపించేవి పక్కనే ఉన్న సింహాద్రి పవర్ స్టేషన్ టవర్లు, డమరుకం ఆకారంలో. అంత ఎత్తు టవర్ నిండా ఏముంటుందని కొత్త కుర్రాళ్లు అడిగేవారు. ఏమీ ఉండదు. నీళ్లు పంచే పైపులు, నాజిళ్లు, ఫిల్స్ అన్నీ కింది భాగంలోనే. పైదంతా ఖాళీ గుల్ల, వేడిగాలిని పైకి లాగే పొగగొట్టం అనుకోండి, ఫ్యాన్ అవసరం లేకుండా. ఈ ఆకారం మొదటిసారి 1918లో నెదర్లాండ్స్‌లో ఒక బొగ్గుగని దగ్గర కట్టారు. సింహాద్రిలో తిరిగేది సముద్రపు నీరు. ఉప్పునీటితోనే అంత పెద్ద టవర్లు నడుస్తుంటే, మనం బోరు నీళ్ల మీద నెపం పెట్టి నాజిళ్లను వదిలేయడం నాకు సిగ్గుగా ఉండేది.

నీళ్ల కష్టం లేదని కాదు. బోరు ఒకరోజు, ట్యాంకర్ ఒకరోజు, ఎక్కడి నుంచి తెచ్చాడో వాడికే తెలియదు. ఆవిరైపోయేది నీరే, ఉప్పులన్నీ మన దగ్గరే మిగిలిపోతాయి. కాల్షియం కార్బొనేట్‌కు వేడి ఇష్టం, వేడినీళ్లు ముందు తగిలేది నాజిల్‌కే. 25 మిల్లీమీటర్ల కన్నంలో చుట్టూ రెండున్నర మిల్లీమీటర్ల సున్నం పట్టిందంటే అది 20 అవుతుంది. కంటికి పెద్ద తేడా కనబడదు గానీ, పోయే నీరు 64 శాతానికి పడిపోతుంది. పక్కన ఒక నాజిల్ ఊడిపోయి 50 మిల్లీమీటర్ల బొక్క మిగిలిందనుకోండి, అక్కడ నాలుగు రెట్లు. ఆ లైనులో ప్రెషరంతా అది మింగేస్తే మిగతావి ఎండుతాయి. ఒక సెల్‌లో ఊడిన నాజిళ్లు మూడున్నా చాలు, చేటు ఎక్కువే.

ఊడటానికి కారణం చాలాసార్లు మనమే. క్లీనింగ్ అనగానే కాంట్రాక్టు కుర్రాళ్ల చేతికి ఇనుపచువ్వ ఇస్తారు. వాళ్లు పొడుస్తారు. సున్నంతో పాటు ప్లాస్టిక్ కూడా ఊడి వస్తుంది, కన్నం పెద్దదవుతుంది. మా దగ్గర వెదురుపుల్లలు చెక్కించి పెట్టేవాణ్ని. పుల్లకు లొంగని నాజిల్‌ను విప్పి యాసిడ్ బకెట్లో నానబెట్టడం, దానికీ లొంగకపోతే పారేసి కొత్తది వేయడం, అంతే. మామూలు పీపీ (ప్లాస్టిక్) నాజిల్ ఒకటి ఒక ప్లేటు బిర్యానీ ఖరీదు దాటదు. లేటరల్ చివర మూత విప్పి ఒకసారి నీళ్లు వదలమంటే ఎవరూ వినరు గానీ, మట్టంతా చేరేది ఆ చివరనే. ఒకసారి ఒక మూత విప్పితే పంపు గ్లాండ్ తాడు ముక్కలు, ఫిల్స్ పెంకులు, ఒక హెల్మెట్ చిన్‌స్ట్రాప్ వచ్చాయి. అది ఎవరిదో అడిగితే ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి పర్చేజ్ వారికే. ఒకే సెల్‌లో మూడు రంగుల నాజిళ్లు చూశాను. కన్నం సైజు వేరు, కింద నీళ్లు చెదరగొట్టే పళ్లెం వేరు. మూడు టెండర్లలో ముగ్గురు ఎల్-వన్‌లు, అంటే అందరికన్నా తక్కువ ధర కోట్ చేసినవాళ్లు. ఇండెంట్‌లో "నాజిల్, ప్లాస్టిక్, 200 సంఖ్య" అని రాస్తే వచ్చేది అదే. కన్నం ఎంత, ఎంత ప్రెషర్ దగ్గర గంటకు ఎన్ని నీళ్లు పోవాలి, ఈ రెండూ రాయండి. రాయలేదని ఇండెంట్ వెనక్కి పంపండి, మాకు కోపం వచ్చినా ఫర్వాలేదు.

ఇదంతా నాలుగైదు డిగ్రీల కోసమా అనుకునే ప్లాంట్ హెడ్ గారికి ఒక మాట. మీ ప్లాంట్‌లో ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్ అనే సాల్వెంట్) వాడుతున్నారు కదా, అది మరిగేదే 40 డిగ్రీల దగ్గర. దాని ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చే కండెన్సర్‌కు టవర్ నీళ్లు 31తో రావడానికీ, 36తో రావడానికీ తేడా, మిగిలిన ఆవిరి బయటికి పోయే వెంట్ గొట్టం దగ్గర నిలబడితే ముక్కుకే తెలుస్తుంది. సాల్వెంట్ రికవరీ తగ్గిందని ప్రొడక్షన్‌ను నిలదీసే ముందు టవర్ పైకి ఒక మనిషిని పంపించండి. ఎండల వల్లే అనుకోవడం కూడా ఎప్పుడూ నిజం కాదు. టవర్‌కు లెక్క తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే వెట్ బల్బ్ టెంపరేచర్. హైదరాబాద్‌లో మే నెల ఎండ 42 ఉన్నా గాలి పొడిగా ఉంటే వెట్ బల్బ్ 25 దగ్గరే ఉండొచ్చు. ఇబ్బంది విశాఖ ఉక్కపోతలో, 28 దాకా పోతుంది కాబట్టి. హైదరాబాద్‌లో మే నెలలో నీళ్లు 36 వస్తున్నాయంటే ఎండను అనకండి.

చూడటం ఎలాగంటే, ముందు పంపు ఆపి బేసిన్ (టవర్ కింద నీళ్లు చేరే తొట్టి) మీద పలక వేసి ఒకే సైజు బకెట్లు ఎనిమిదో పదో వరసగా పెట్టండి. మనుషులు బయటికొచ్చాక పంపు వేసి, ఒక నిమిషానికి ఆపి, బకెట్లలో నీళ్లు కొలవండి. కొన్ని నిండి పొర్లి, కొన్నిటిలో అడుగు కూడా తడవకపోతే ఇంక రిపోర్టు అక్కర్లేదు. ఆరు నెలలకొకసారి ఇది, నెలకొకసారి కిటికీలోంచి చుట్ల లెక్క. నాలుగు గంటల షట్‌డౌన్ అడిగితే ప్రొడక్షన్ ఒప్పుకోదని నాకు తెలుసు. అందుకే ఉత్తరం ఫిట్టర్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

పైకి పంపే మనిషి గురించి చెప్పి ముగిస్తాను. స్ప్రింక్లర్ ఉండేది ఫ్యాన్ కిందనే. స్విచ్ ఆపడం చాలదు. ఐసోలేటర్‌కు (కరెంటును పూర్తిగా తెంచే స్విచ్) తాళం వేయించి, తాళంచెవి ఎక్కేవాడి జేబులో పెట్టించండి. కరెంటు లేకపోయినా గాలికి రెక్కలు వాటంతటవే తిరుగుతాయి, కాబట్టి తాడుతో కట్టేశాకే లోపలికి. పంపు ఆటోలో ఉంటే అదీ తీయించండి. మన ప్లాంట్లలో ఇంకో ప్రమాదం ఉంది. కండెన్సర్ ట్యూబ్ ఎక్కడో లీకైతే సాల్వెంట్ టవర్ నీళ్లలోకి వస్తుంది, టవర్ లోపల ఆవిరిగా నిలుస్తుంది. గ్యాస్ టెస్ట్ చేయకుండా పర్మిట్ మీద సంతకం పెట్టకండి. ఆ తుంపరలో లెజియొనెల్లా లాంటి క్రిములు కూడా ఉండొచ్చు, ఊపిరితిత్తులకు మంచిది కాదు, మంచి మాస్క్ ఇవ్వండి. డెక్ మీద పాచి సబ్బులా జారుతుంది, బెల్టు తగిలించుకోవడానికి ఒక లైఫ్‌లైన్ అక్కడ శాశ్వతంగా ఉండాలి. నేను పనిచేసిన చోట్ల చాలా ఏళ్లు ఇవేవీ లేవు, "రెండు నిమిషాల పనేగా" అంటూ ఎక్కేశాం. నా ఎడమ భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు.

లాగ్‌బుక్ కొత్తది ప్రింటింగ్‌కు ఇచ్చేటప్పుడు ఫ్యాన్ ఆంప్స్ పక్కన ఒక గడి ఎక్కువ గీయించండి. "స్ప్రింక్లర్ చుట్లు / నాజిళ్లు, చూసినవారి సంతకం" అని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ యుటిలిటీ సూపర్‌వైజర్